స్ట్రిప్ వెనకాల చదవండి

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం పొద్దున్న, కుక్కల్ని పెంచుకుంటున్నవాళ్ళంతా కూడినప్పుడు మాట్లాడిన మాటలు. ఫోన్ రికార్డింగ్ విని రాసింది, పెద్దగా దిద్దలేదు.)

అందరికీ నమస్కారమండీ. ఆ గుమ్మం దగ్గర బీగిల్ ఎవరిదో కొంచెం దగ్గరికి లాక్కోండి, దాని గొంతు ముందు నా మైక్ చాలట్లేదు. (నవ్వులు) మూడో వరసలో ఆ ల్యాబ్రడార్‌ని చూడండి, వచ్చిన దగ్గర్నుంచి కాళ్ళు చాపుకుని పడుకునే ఉంది, ఎంత బుద్ధిమంతురాలో. మా బ్రూనో అయితే ఈపాటికి మీ చెప్పులు సగం నమిలీసేవాడు.

ఈ డబ్బా చూసి హల్వా పంచుతుందేమో అనుకుంటున్నారు కదా. మాడుగుల హల్వా డబ్బాయే, హల్వా ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు ఇందులో ఉన్నవి మా బ్రూనోగాడి మందులు. వాడికి ఎనిమిదేళ్ళు, అయిదేళ్ళుగా ఫిట్స్. అయితే నన్ను మాట్లాడమన్నది కుక్క ఉందని కాదు, మహారాణిపేటలో కేజీహెచ్‌కి, అదే పెద్ద గవర్నమెంటాసుపత్రికి, దగ్గర్లో 22 ఏళ్ళు మందుల షాపు నడిపానని. నేను డాక్టర్‌ని కాదు, మీ కుక్కకి ఏ మందు వెయ్యాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. మందు మారినప్పుడు ఎక్కడ తేడా కొడతాదో, అది మాత్రం కౌంటర్ వెనకాల నిలబడి చాలా చూసాను, కొన్ని నా చేతుల మీదే జరిగాయి, అవి చెప్తాను.

మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలు చదివాను. డాక్టర్ గారు మందు మార్చేసారు, వెయ్యొచ్చా? షాపులో కంపెనీ మార్చి ఇచ్చారు, పర్లేదా? ఈ కొత్త మందు గురించి నెట్‌లో భయంకరంగా ఉంది, మానేద్దామా? అమెరికా నుంచి అబ్బాయి తెచ్చింది అయిపోయింది, ఇక్కడ దాని బదులు ఏది? ఎక్కువమంది భయం కొత్త మందు మీదే. నేను చూసినంతలో కొత్త మందు వల్ల పాడైనవి తక్కువ. పాతది ఆగి కొత్తది పట్టుకునే ఆ నాలుగు రోజులు ఉంటాయి చూడండి, ఆ అతుకు దగ్గర, అక్కడే గొడవంతా.

ఒకటి చెప్తాను. మాకు తెలిసినవాళ్ళ ల్యాబ్, దురద. ఒక క్లినిక్‌లో ప్రెడ్నిసొలోన్ రాసారు, స్టెరాయిడ్ అన్నమాట, దురద తగ్గింది, అందరూ హ్యాపీ. పది రోజులకి కుక్క మేడ మెట్లు దూకి కాలు కుంటుతుంటే, ఆదివారం కదా, మొదటి డాక్టర్ దొరకలేదని ఇంకో చోటికి తీసుకెళ్ళారు, ఆయన నొప్పికి మెలాక్సికామ్ రాసారు. ఏమైనా మందులు వాడుతున్నారా అని ఆయన అడిగారట కూడా, వీళ్ళేమో "లేదండీ, దురదకి ఏదో చిన్న బిళ్ళ" అన్నారట! చిన్న బిళ్ళ. బిళ్ళ సైజు చూసి మందు బలం లెక్కేసేవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తక్కర్లేదు లెండి. రెండూ కలిపి పడ్డాయి, నాలుగో రోజుకి వాంతులు, అయిదో రోజుకి విరేచనం నల్లగా తారులాగ. అంటే లోపల రక్తం పోతోందన్నమాట. స్టెరాయిడూ ఈ రకం నొప్పి బిళ్ళా కలిస్తే కడుపులో పుళ్ళు పడతాయి, ఒక్కోసారి పేగుకి చిల్లు కూడా. ఒకటి ఆపి రెండోది మొదలుపెట్టాలంటే మధ్యలో ఖాళీ రోజులు వదలాలి, మామూలుగా వారం దాకా, ఎన్ని రోజులన్నది డాక్టరే చెప్పాలి. నొప్పి బిళ్ళ ఒక రకం నుంచి ఇంకో రకానికి మారినా అంతే. ఆ ల్యాబ్ బతికింది, సెలైన్లు పెట్టి నిలబెట్టారు.

ఇక్కడ ఇద్దరు డాక్టర్లదీ తప్పు లేదు, ఇద్దరూ రాసినవి మంచి మందులే. ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు, అంతే.

అలాగని స్టెరాయిడ్ అంటే భయపడి ఇవాళే ఆపీయకండి, ఇంకో గొయ్యి అక్కడుంది. ఇంట్లో వంటమనిషిని పెట్టుకుంటే మనం పొయ్యి దగ్గరికి వెళ్ళడం మానేస్తాం కదా, ఆవిడ ఓ పూట చెప్పకుండా మానేస్తే ఇంటిల్లిపాదీ పస్తే. ఒంట్లో కిడ్నీల పైన చిన్న గ్రంథులుంటాయి, స్టెరాయిడ్ లాంటి పదార్థాన్ని అవే తయారు చేస్తాయి, బయట నుంచి బిళ్ళ రోజూ వస్తుంటే అవి పని మానీసి కూచుంటాయి. బిళ్ళ ఒక్కసారిగా ఆపితే అవి వెంటనే లేవవు, కుక్క నీరసపడి తిండి మానేసి ఒక్కోసారి కుప్పకూలిపోతాది. అందుకే ఒకటి నుంచి అర, అర నుంచి రోజు విడిచి రోజు అని తగ్గించుకుంటూ రాస్తారు. ఆ చీటీ చూసి మా షాపులో ఎంతమంది అడిగేవారో, ఇదేంటమ్మా ఇంత తికమకగా రాసారు, దురద తగ్గింది కదా ఆపేస్తే పోలేదా అని.

సరే, ఫిట్స్ మందుల సంగతి. ఇది నా సొంత గోల కాబట్టి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఏమనుకోకండి.

మా వాడికి ముందు రాసింది ఫినోబార్బిటోన్, పూటకి 30 మిల్లీగ్రాముల బిళ్ళలు రెండు, రోజుకి రెండు పూటలు. మన స్ట్రిప్‌ల మీద ఫినోబార్బిటోన్ అని ఉంటాది, అమెరికావాళ్ళు ఫినోబార్బిటాల్ అంటారు, రెండూ ఒకటే, ఇదేదో వేరే మందు అని ఒకాయన రెండూ కలిపి వేసినంత పని చేసాడు. ఈ మందు రక్తంలో నిలకడగా కుదురుకోడానికి దగ్గరదగ్గర రెండు వారాలు పడుతుంది. అందుకని మూడో రోజున "పని చెయ్యట్లేదు" అని మార్చెయ్యడం ఉండదు, డోసు మార్చినా రెండు వారాలాగి రక్తపరీక్ష చేసి చూస్తారు, లివర్ పరీక్ష కూడా అప్పుడప్పుడూ చేయించమంటారు, ఎందుకంటే ఏళ్ళ తరబడి వాడితే లివర్ మీద భారం పడుతుంది. హఠాత్తుగా ఆపితే ఏమవుతుందంటే, మందు లేనప్పటికంటే గట్టి ఫిట్స్ వస్తాయి, ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా. స్టాకు లేదని రెండు రోజులు ఆగుదాం అన్న మాట ఈ మందు దగ్గర మాత్రం అనకండి. వారం సరిపడా మిగిలి ఉండగానే షాపుకి వెళ్ళండి, ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇది ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. 22 ఏళ్ళు మందులమ్మిన మనిషిని కదా. ఒకసారి 30 మిల్లీగ్రాములవి దొరకలేదు, 60వి తెచ్చి ఇదే హల్వా డబ్బాలో పడేసాను, పూటకి ఒకటే వెయ్యాలని నా బుర్రలో ఉంది, మా ఆయన బుర్రలో లేదు, నేను చెప్పలేదు. పెళ్ళికని నేను విజయనగరం వెళ్ళాను, ఆయన పాపం అలవాటు ప్రకారం పూటకి రెండు వేసారు. రెండు రోజులకి తిరిగొచ్చేసరికి బ్రూనో గుమ్మానికి గుద్దుకుంటూ తాగినోడిలాగ నడుస్తున్నాడు, వెనక కాళ్ళు ఎటో పోతున్నాయి. నాకు వెంటనే తట్టిందేంటో తెలుసా, చెవిలో ఇన్ఫెక్షన్! చెవులు శుభ్రం చేసి మరీ పడుకోబెట్టాను. పొద్దున్న బిళ్ళ వేద్దామని స్ట్రిప్ తిప్పి చూస్తే అప్పుడు వెలిగింది. (నవ్వులు) ఇప్పుడు నవ్వొస్తుంది లెండి, ఆ రోజు మా ఆయనతో రెండు రోజులు మాటల్లేవు, తప్పు నాదే అయినా.

తర్వాత ఫిట్స్ మళ్ళీ ఎక్కువైతే డాక్టర్ గారు దానికి తోడు పొటాషియం బ్రోమైడ్ పెట్టారు. ఇది ఇంకా నిదానం, మూడు నాలుగు నెలలు పడుతుంది, సంక్రాంతికి మొదలుపెడితే ఉగాది వెళ్ళి ఎండలు ముదిరితే గానీ రక్తంలో నిలబడదు. దీనికి ఇంకో చిత్రం ఉంది, ఉప్పు. తిండిలో ఉప్పు పెరిగితే బ్రోమైడ్ ఒంట్లోంచి త్వరగా బయటికి పోతాది, ఉప్పు తగ్గితే పోగుపడిపోతాది. ఈ ముక్క డాక్టర్ గారు మొదటి రోజే చెప్పారు, నేను విన్నాను. మా అత్తగారు వినలేదు. ఆవిడది భీమిలి, ఎండు నెత్తళ్ళు లేకపోతే ముద్ద దిగదు, బ్రూనో వెళ్ళి ఆవిడ కంచం పక్కన కూచుంటాడు, ఆవిడేమో "నోరు లేని జీవం" అంటూ రోజూ గుప్పెడు పెట్టేది. అయిదు నెలలుగా బాగున్నవాడికి రెండు వారాల్లో రెండు ఫిట్స్. డాక్టర్ గారు రిపోర్ట్ చూసి డోసు అదే కదా, రక్తంలో మందు లెవెల్ ఎందుకు పడిపోయిందని బుర్ర గోక్కుంటుంటే, తిండి ఏమైనా మార్చారా అని అడిగినప్పుడు బయటపడింది. మందు మారలేదు, నెత్తళ్ళు మారాయి! మన ఊళ్ళో ఈ మందు వాడేవాళ్ళు ఎండు చేపల సంగతి ఇంట్లో అందరికీ చెప్పుకోండి, పనమ్మాయితో సహా. డాగ్ ఫుడ్ బ్రాండ్ మార్చినా ఇదే లెక్క.

కంపెనీ మార్చి ఇస్తే పర్లేదా అని అడిగారు. చాలా మందులకి పర్లేదండీ, యాంటీబయాటిక్ లాంటివాటికి, ఉప్పు పేరు అదే, మిల్లీగ్రాములు అవే అయితే కంగారు పడక్కర్లేదు. ఉప్పు అంటే ఇందాకటి వంటుప్పు కాదు, మందు అసలు పేరుని మేము షాపుల్లో అలా అంటాం. జనరిక్ అంటే నాసిరకం అన్న మాట నేను ఒప్పుకోను, పశువుల జనరిక్ మందుల కోసం కేంద్రం 2025 మార్చిలో పశు ఔషధి అని ఒక పథకం కూడా ఆమోదించింది. ఫిట్స్ మందు దగ్గర మాత్రం ఒకే కంపెనీ పట్టుకుని ఉండండి, తప్పనిసరై మారిస్తే డాక్టర్‌కి చెప్పి, లెవెల్ ఎప్పుడు చూపించుకోవాలో అడగండి.

థైరాయిడ్ మందు గురించి ఒక్క మాట. కుక్క ఒంటికి ఈ మందు మనకంటే చాలా ఎక్కువ కావాలి. 30 కిలోల కుక్కకి పూటకి 600 మైక్రోగ్రాములు రాయడం మామూలే, మనుషులకి రోజంతటికీ మామూలుగా 100 చుట్టుపక్కలే. మొదటిసారి అలాంటి చీటీ మా షాపుకి వచ్చినప్పుడు మా కుర్రాడు "అమ్మా ఇది కుక్కకా ఏనుగుకా" అన్నాడు, నేనూ ఒక సున్నా ఎక్కువ పడిందేమో అనుకుని రాత్రి తొమ్మిదింటికి డాక్టర్‌కి ఫోన్ చేసాను, ఆయన భోజనం మధ్యలో నవ్వి నవ్వి చెప్పారు. ఫోన్ చేసాను కాబట్టి సరిపోయింది. చెయ్యకుండా 60కి తగ్గించి ఇచ్చీసే షాపులూ ఉంటాయి, మంచి ఉద్దేశంతోనే. డాక్టర్ రాసిన అంకె షాపువాడు మారిస్తే ఎందుకని అడగండి, మొహమాటపడకండి.

(ఒకావిడ: మేడమ్, ఇన్సులిన్ కూడా అంతేనా? మా స్పిట్జ్‌కి షుగరు.)

ఆఁ, అడిగారు, మంచి పని చేసారు. ఇది బిళ్ళల కన్నా ప్రమాదం. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతాయి, మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. సిరంజీలు కూడా రెండు, ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. మీ కుక్కకి 40ది వాడుతూ ఉన్నారు, డాక్టర్ 100దానికి మార్చారు, మీ ఇంట్లో ఎర్ర మూత సిరంజీలు డజను మిగిలున్నాయి, పారెయ్యడం ఎందుకని దాంతోనే 10 గీత దాకా లాగారనుకోండి, కుక్క ఒంట్లోకి వెళ్ళింది 10 కాదు, 25 యూనిట్లు. షుగర్ ధబాలున పడిపోతాది, తూలుతాది, వణుకుతాది, ఫిట్స్ కూడా వస్తాయి. అలా అయితే చిగుళ్ళ మీద తేనె గానీ గ్లూకోజ్ గానీ రాసి ఆసుపత్రికి పరిగెత్తడమే. సీసా మారిన రోజునే పాత సిరంజీలు ఇంట్లోంచి తీసెయ్యండి, రూపాయలు చూసుకోకండి.

ఇన్సులిన్ అంటే నాకు హుద్‌హుద్ తుపాను గుర్తొస్తుంది. 2014 అక్టోబర్ 12. కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు, షాపులో ఇన్సులిన్ సీసాలు. మా నాన్నగారు కుండలో తడి ఇసుక పోసి మధ్యలో చిన్న ముంత పెట్టి, సీసాలు నీళ్ళు తగలకుండా కవర్లో చుట్టి అందులో దాచారు. మనుషులవే అనుకోండి, ఒక పామరేనియన్‌ది కూడా ఉంది అందులో, దాన్ని పెంచుకుంటున్నాయన లాసన్స్ బే కాలనీ నుంచి పడిన చెట్లు దాటుకుంటూ నడిచి వచ్చి తీసుకెళ్ళాడు. తుపాను హెచ్చరిక వస్తే మనం కొవ్వొత్తులు కొంటాం కదా, కుక్క మందులు కూడా కొనుక్కోండి.

ఇక పిడుదుల బిళ్ళలు. ఫ్లురలానర్, అఫాక్సొలానర్, సరోలానర్, ఆ కుటుంబం. వీటి గురించి నెట్‌లో చదివి భయపడ్డామని నలుగురు రాసారు. విషయం ఏంటంటే అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018 సెప్టెంబర్‌లో హెచ్చరించింది, కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, ఫిట్స్ వచ్చినట్టు రిపోర్టులున్నాయి అని. అదే నోట్లో ఎక్కువ కుక్కలకి ఇవి సురక్షితమే అని కూడా ఉంది, మార్కెట్‌లోంచి తియ్యలేదు. మా బ్రూనోకి ఫిట్స్ ఉన్నాయి కాబట్టి డాక్టర్ గారు ఆ బిళ్ళ మాన్పించి మెడ మీద వేసే చుక్కల మందుకి మార్చారు. మీ కుక్కకి ఎప్పుడూ ఫిట్స్ లేకపోతే ఆయన అలాగే కొనసాగించమనొచ్చు. వచ్చిన చిక్కల్లా ఏంటంటే భయపడి బిళ్ళ మానేసి, దాని బదులు ఏమీ వెయ్యకుండా వదిలేసినవాళ్ళతో. మన సముద్రం గాలికి, ఈ ఉక్కకి పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి. మా వీధిలోనే ఒకరు అలాగ మానీసారు, రెండు నెలలకి టిక్ ఫీవర్, పిడుదులు కుట్టి వచ్చే జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కులోంచి రక్తం. దానికి డాక్సీసైక్లిన్ అని యాంటీబయాటిక్ 28 రోజులు రాస్తే, ఎనిమిదో రోజు కుక్క లేచి పెరుగన్నం తిందని అదీ మానీసారు! ఏమనాలి చెప్పండి.

ఇంకొకటి, ఫ్లురలానర్ బిళ్ళ 12 వారాలు పనిచేస్తుంది, అంటే వేసాక వెనక్కి తియ్యలేం. నెల తర్వాత ఇంకో కంపెనీది వెయ్యాలంటే పాతది ఎప్పుడు వేసారో తారీఖు డాక్టర్‌కి చెప్పాలి. క్యాలెండర్ మీద గీత పెట్టుకోండి, పాలవాడి లెక్క రాసుకోట్లేదూ. ఇంట్లో పిల్లి కూడా ఉంటే చుక్కల మందులో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉందేమో చూసుకోండి, కుక్కకి ఏమీ కాదు గానీ పిల్లికి అది విషం.

(ఒకాయన: మా అబ్బాయి డాలస్ నుంచి నొప్పికి బిళ్ళలు పంపేవాడు. ఇప్పుడు రావట్లేదు.)

సూట్‌కేసు మందులు! మన విశాఖలో ఇంటికొకటి. ఏం మందండీ? కార్ప్రొఫెనా. మంచి మందే, ఇందాక చెప్పిన నొప్పి బిళ్ళల జాతిదే. అయిపోయాక ఇక్కడ మెలాక్సికామ్‌కి మారుస్తారేమో, అప్పుడు ఆ ఖాళీ రోజుల సంగతి అడగండి. మనుషుల మెలాక్సికామ్ బిళ్ళ మాత్రం ఇంట్లో ఉంది కదా అని విరిచి వెయ్యకండి, అది 7.5 మిల్లీగ్రాములదో, 15 మిల్లీగ్రాములదో ఉంటాది, 10 కిలోల కుక్కకి రోజువారీ ఒక మిల్లీగ్రాము చాలు. డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ అసలు దగ్గరికి రానివ్వకండి. డైక్లోఫినాక్ మన దేశంలో పశువులకి 2006లోనే నిషేధించారు, అది రాబందుల కోసం, ఆ మందు పడ్డ పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పోయి చచ్చిపోయాయి. మెలాక్సికామ్ మన పశువుల షాపుల్లోకి అంతగా రావడం వెనక ఆ కథ ఉంది.

అమెరికాలో కీళ్ళనొప్పులకి నెలకోసారి ఇంజెక్షన్ వచ్చింది, దాని గురించి కూడా ఎవరో రాసారు, బెడిన్‌వెట్‌మాబ్. అక్కడ 2023 మే నెలలో అనుమతి వచ్చింది, 2024 డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ డాక్టర్లకి ఉత్తరం రాసింది, తూలడం, ఫిట్స్ లాంటి రిపోర్టులు వచ్చాయని. రిపోర్టు వచ్చిందంటే ఆ మందు వల్లే అని తేలినట్టు కాదు, అలాగని కొట్టిపారెయ్యాల్సిందీ కాదు. ముసలి కుక్కకి ముందు నుంచే నడక తేడాగా ఉంటే ఆ సంగతి ఇంజెక్షన్‌కి ముందే చెప్పండి.

బిళ్ళ మింగట్లేదని సిరప్‌కి మార్చేవాళ్ళు, సీసా మీద జైలిటాల్ అని ఉందేమో చదవండి, మనుషులకి వాడే షుగర్-ఫ్రీ సిరప్‌ల్లో తీపి కోసం కలుపుతారు కొన్నిటిలో, కుక్కకి షుగర్ పడగొట్టి లివర్ పాడుచేస్తాది.

ఇంకెవరైనా? అక్కడ, ఆ మూడో వరస అమ్మాయి. బుద్ధిమంతురాలి అమ్మ. (నవ్వులు)

(ఆ అమ్మాయి: ఆంటీ, దీనికీ ఫిట్స్ మందే, ఫినోబార్బిటోనే. ఫిట్స్ తగ్గాయి. నెల రోజుల్నుంచి ఇలాగే పడుకుంటోంది, పెద్దదవుతోంది కదా, బుద్ధొచ్చిందనుకున్నాం. మెట్లెక్కేటప్పుడు కొంచెం తూలుతోంది.)

నెల రోజుల ముందు ఏమైనా మారిందా?

(షాపు మార్చాం. మాకు దగ్గర్లో కొత్తది పెట్టారు. బిళ్ళ చూడ్డానికి అలాగే ఉంది.)

స్ట్రిప్ ఉందా బ్యాగ్‌లో? తియ్యమ్మా. చీటీ కూడా ఉంటే తియ్యి. ముందు చీటీలో ఎంత రాసారో చూడు.

(30. పూటకి ఒకటి.)

ఇప్పుడు స్ట్రిప్ తిప్పు. పేరు కాదు, దాని కింద, చిన్న అక్షరాలు.

(60.)

కంగారు పడకు. ఈ పూట నుంచి మానేద్దాం అని మాత్రం అనుకోకు, నీ అంతట నువ్వు ఆపొద్దు, తగ్గించొద్దు కూడా. మీ డాక్టర్ నంబర్ ఉంది కదా, చెయ్యి ఇప్పుడే, స్పీకర్‌లో పెట్టు, నేను పక్కన కూచుంటాను. బాబూ, ఆ మైక్ ఆపీయండి.